పాదిరమ్మ పిల్లలూ, మూడు వారాల సముద్రమూ

నాకు సముద్రం మీద కోపమేమీ లేదు. దాని చోట అది ఉంటే, దక్షిణాఫ్రికా నడిమధ్య క్రూన్‌స్టాడ్‌లో నా వరండాలో నేనుంటే, మధ్యలో వెయ్యి కిలోమీటర్లుంటే, మా ఇద్దరికీ ఏ పేచీ లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు బడిలో భూగోళం చెప్పినవాణ్ణి. సముద్రం ఎక్కడుందో నాకు బాగా తెలుసు. వెళ్ళి సరిచూసుకు రానక్కర్లేదు.

నా భార్య హెస్టర్ అలా అనుకునేది కాదు. ప్రతి డిసెంబరూ, అంటే మా వైపు నడివేసవిలో, ఆమెకు సముద్రం కావాలి. అదీ నిండా మూడు వారాలు.

ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆ మూడు వారాలు ఒక్కసారీ నిండలేదు. ఒక ఏడాది ఇంట్లో నీళ్ళ హీటరు ఆపలేదేమోనని ఆరో రోజున గుడారం పీకించాను. ఒక ఏడాది పన్ను నొప్పి. ఏ పన్ను అని ఆమె రెండుసార్లు అడిగితే రెండు వేర్వేరు పళ్ళు చూపించాను. ఇంకో ఏడాది ఇంటి కప్పు కారుతున్నట్టు కల వచ్చింది.

ప్రతిసారీ హెస్టర్ నీళ్ళలోంచి బయటికొచ్చి, గౌను అంచు పిండుకుని, ఏమీ అనకుండా కారెక్కేది. ఆ ఏమీ అనకపోవడం దారి పొడుగునా నా చెవుల్లో మోగేది.

నిజం చెప్పొద్దూ, నా ఇబ్బంది సముద్రంతో కాదు. దాని ఒడ్డున ఏటా మా పక్క గుడారంలో దిగే నా బావమరిది లౌరెన్స్‌తో. మా ఇంట్లో అతనికి ‘అలాకాదు లౌరెన్స్’ అని పేరు. నేను మేకు కొడితే, “అలా కాదు బావా, ఏటవాలుగా కొట్టాలి.” మాంసం కాలిస్తే, “అలా కాదు బావా, బొగ్గులు ఇంకా తెల్లబడాలి.” ఒకసారి కునుకు తీస్తున్నవాణ్ణి లేపి మరీ, “అలా కాదు బావా, ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి” అన్నాడు.

మా కాపురానికి ముప్ఫై నాలుగేళ్ళు నిండిన ఏడాది, సెప్టెంబరులో గరాజులోకి వెళ్ళబోతూ ఒక పాత చెక్కపెట్టెకు కాలు తగిలి బొటనవేలు వాచింది. వేలు పట్టుకుని కుంటుతుంటే నాకు ఆలోచన వెలిగింది.

అది మా చిలకల గూడుపెట్టె. మా పెరట్లో పెద్ద పంజరంలో ఒక బూడిదరంగు చిలకల జంట ఉండేది. బూడిదరంగు కోటు, తోక దగ్గర ఎర్రటి ఈకలు, చర్చి పాదిరిలా ఎప్పుడూ మనం ఏదో పాపం చేసినట్టు చూసే చూపు. అందుకే వాటికి పాదిరి, పాదిరమ్మ అని పేర్లు. గూడుపెట్టె ఉంటే గుడ్లు పెడతాయి, పెట్టేముందు ఊరు అదిరేలా అరుస్తాయి. ఆ అరుపులు భరించలేక రెండేళ్ళ కిందట నేనే పెట్టె పీకేశాను.

ఇప్పుడు వేళ్ళు మడిచి లెక్క వేశాను. పెట్టె ఈ నెల కడితే వచ్చే నెల గుడ్లు. పొదిగితే నాలుగు వారాలకు పిల్లలు. మూడు వారాల పిల్లల్ని గూట్లోంచి తీసి చేత్తో పెంచితే మనిషికి మాలిమి అవుతాయి. అలా తీసే రోజు సరిగ్గా డిసెంబరు మొదటి వారం! చేత్తో తినిపించే పిల్లల్ని వదిలి ఏ మనిషైనా సముద్రానికి పోతాడా?

నిచ్చెన ఎక్కి మేకు కొట్టి పెట్టె కడుతుంటే వంటింటి కిటికీలోంచి హెస్టర్ కేకేసింది.

“ఏమయ్యా బారెండ్, ఏం చేస్తున్నావు?”

“పాపం, వీటికి గూడు లేదని.”

“రెండేళ్ళ నుంచీ లేదుగా.”

“వసంతం వచ్చింది కదా. మనసు కరిగింది.”

“నీదా, వాటిదా?”

“ఇద్దరిదీ.”

“ఊఁ” అని కిటికీ వేసేసింది. ఆ ‘ఊఁ’ని నేను పట్టించుకోలేదు. అదే నా తప్పు.

అంతా అనుకున్నట్టే జరిగింది. మూడు గుడ్లు, మూడు పిల్లలు. డిసెంబరు ఐదున చేతులకు తోలు తొడుగులు వేసుకుని, పాదిరమ్మ చేత నానా తిట్లూ తిని, పిల్లల్ని బయటికి తీశాను. ఒక్కొక్కటీ అరిగిపోయిన బూట్ల బ్రష్షుకు ముక్కు మొలిచినట్టు ఉంది. లోపలికి తెచ్చి, మొహం వేలాడేసుకుని నిలబడ్డాను.

“హెస్టర్, పెద్ద చిక్కొచ్చి పడింది. ఈ ఏడాది సముద్రం...”

“ఎన్ని గంటలకోసారి తినిపించాలి?”

“నాలుగు గంటలకోసారి. గంజి నలభై డిగ్రీలుండాలి. వేడెక్కువైతే మెడ కింద సంచి కాలుతుంది. చల్లారితే అక్కడే నిలిచి పులుస్తుంది. ఇల్లు కదలడానికి వీల్లేదు.”

“ఇల్లెందుకు కదలడం మాస్టారూ? పెట్టె కదిలితే చాలదూ?”

నన్ను మాస్టారూ అన్నదంటే నేను అప్పటికే ఓడిపోయినట్టు. లోపలికెళ్ళి, మేం ప్రయాణాల్లో వాడే ఐసుపెట్టె తెచ్చింది. మూతకు వరసగా చిల్లులు, అడుగున మెత్తటి తువ్వాలు, పక్కన దారంతో కట్టిన థర్మామీటరు.

“ఈ చిల్లులు ఎప్పుడు పెట్టావు?”

“నవంబరులో. పెద్దవాటికి పక్కింటావిడ గింజలు వేస్తానంది. నువ్వు గంజి డబ్బా సర్దుకో.”

ఆ ప్రయాణం గురించి అడక్కండి. దారిలో ‘కారూ’ అనే ఎడారి, బయట ముప్ఫై ఎనిమిది డిగ్రీలు. పిల్లలకు చల్లగాలి తగలకూడదని కారులో ఏసీ వేయనివ్వలేదు. మేం తెచ్చుకున్న ఉడికిన గుడ్లు మా ఒళ్ళోనే మళ్ళీ ఉడికాయి. కోల్స్‌బర్గ్ పెట్రోలు బంకులో వేడినీళ్ళడిగి, గంజి కలిపి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుంటుంటే ఒక లారీ డ్రైవరు దగ్గరికొచ్చాడు.

“బిడ్డకు ఎన్ని నెలలు తాతా?”

మూత తీసి చూపించాను. పెట్టెలోకి చూశాడు, నన్ను చూశాడు, తన లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

సముద్రం దగ్గర మేం ఇంకా గుడారం తాళ్ళు బిగించకముందే, పిల్లలకు గంజి పడుతుంటే, పక్క గుడారంలోంచి నీడ పడింది.

“అలా కాదు బావా. గంజిపిచికారీ దాని నోటికి ఎడమ వైపు నుంచి పెట్టాలి.”

“చిలకల్ని పెంచావా నువ్వు?”

“లేదు. కానీ పుస్తకంలో చూశాను.”

వెనక ఏళ్ళలో అతన్నుంచి తప్పించుకోవడానికి నాకు దారులుండేవి. పేపరు కొనడానికి, రొట్టెకు, ఊరికే ఇసుకలోకి. ఇప్పుడు పెట్టె పక్కన కుర్చీ, కుర్చీలో నేను. అతనికి జన్మలో మొదటిసారి, లేచి పోలేని శ్రోత దొరికాడు. మడతకుర్చీ తెచ్చుకుని నా ఎదురుగా స్థిరపడ్డాడు. ట్రాక్టర్ల గురించి, తన పిత్తాశయం గురించి, వాళ్ళ చర్చి కప్పు గురించి నాకు ఇప్పుడు తెలియనిది లేదు.

హెస్టర్ మాత్రం పొద్దున్నే టోపీ పెట్టుకుని వెళ్ళిపోయేది. గుడారం సందులోంచి కనిపించేది. మోకాలి లోతు నీళ్ళలో గౌను ఎత్తి పట్టుకుని, ఎవరి కోసమో కాకుండా ఊరికే నిలబడి.

ఏడో రోజున నేను దవడ పట్టుకున్నాను.

“హెస్టర్, పన్ను.”

“ఏది?”

“ఇదే.”

“పోయినసారి అటు పక్కది. సరే, బయల్దేరదాం. ఇప్పుడిప్పుడే కుదుటపడ్డ పిల్లల్ని మళ్ళీ వెయ్యి కిలోమీటర్లు ఎండలో తిప్పుదామంటావా? చిన్నది అసలే బరువు తక్కువ.”

చిన్నది మెడ సాచి నా బొటనవేలిని అన్నం అనుకుని పట్టుకుంది. నేను దవడ వదిలేశాను.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆ చిన్నదే తిండి మానేసింది. పొద్దున పోసిన గంజి మెడ కింద సంచిలో అలాగే నిలిచిపోయింది. అలా నిలిస్తే పిల్ల దక్కదు. రెండు చుక్కల గోరువెచ్చని నీళ్ళు పోసి, వేలి కొసతో నిమరడం మొదలుపెట్టాను. లౌరెన్స్ నోరు తెరిచాడు. మూసుకున్నాడు. తర్వాత తన పెద్ద పెద్ద చేతులు దోసిలిపట్టి, “నా చేతులు వెచ్చగా ఉంటాయి బావా, ఇందులో పెట్టు” అన్నాడు.

గంటన్నర సేపు అతను కదల్లేదు. మాట్లాడలేదు. నేను నిమురుతూనే ఉన్నాను. హెస్టర్ తడి అంచుతో వచ్చి, వేడినీళ్ళలో గుడ్డ ముంచి అందించింది. సంచి కొద్దికొద్దిగా మెత్తబడింది. పిల్ల తల ఎత్తి చికాగ్గా కీచుమంది.

“ఇలాగే బావా,” అన్నాడు లౌరెన్స్. “ఇలాగే.”

ఆ మాట అతని నోట వినడానికి ముప్ఫై నాలుగేళ్ళు పట్టింది.

ఇరవై ఒకటో రోజు సాయంత్రం హెస్టర్ నా పక్కన కూర్చుని కాళ్ళకంటిన ఇసుక దులుపుకుంది. మొహం నల్లబడి, ముక్కు పొట్టు లేచి, పెళ్ళినాటి కంటే బాగుంది.

“నిండాయి,” అంది.

“నా తెలివితక్కువతనం వల్ల నిండాయి,” అన్నాను, కాస్త గొప్పగానే.

“నీ వల్లా? ఆ గూడుపెట్టె అటక మీంచి గరాజు గుమ్మంలోకి నడిచొచ్చిందనుకున్నావా?”

నా బొటనవేలు గుర్తొచ్చింది.

“ఆగస్టు నుంచీ పాదిరమ్మకు మొలకెత్తిన పెసలు, ఉడికిన గుడ్డు పెట్టి ఒళ్ళు చేయించిందెవరు? నువ్వు మేకు కొట్టావంతే మాస్టారూ. పొరపాటున ఏటవాలుగా కొట్టావు గనక నిలిచింది.”

“ముందే చెప్పొచ్చుగా, మూడు వారాలూ ఉందామని.”

“ముప్ఫై నాలుగేళ్ళు చెప్పాను. నా మాటకు నీకు పన్ను నొప్పి వస్తుంది. ఆకలేసిన పిల్ల ఎదురుగా ఉంటే రాదు.”

పిల్లల్లో పెద్దవి రెండూ మంచి ఇళ్ళకు వెళ్ళాయి. చిన్నదాన్ని మేమే ఉంచుకున్నాం. ప్రతి ఆదివారం చర్చి కాగానే లౌరెన్స్ పక్క ఊరి నుంచి దాని బరువు చూడ్డానికి వచ్చి, సాయంత్రం దాకా నాకు సలహాలిచ్చి పోయేవాడు. ఏడాదిన్నరకు దానికి మాటొచ్చింది. నేను చెక్కుతున్న పీచ్ పండు వైపు తల వంచి చూసి, అచ్చం అతని గొంతుతో, “అలా కాదు బావా” అంది. హెస్టర్ నవ్వలేక నేల మీద కూలబడింది. ఈ జాతి చిలకలు యాభై ఏళ్ళు బతుకుతాయట.

హెస్టర్ పోయాక ఇది నాలుగో డిసెంబరు. గుడారం అదే చోట వేశాను. మేకులు ఏటవాలుగా కొట్టాను. ఏడో రోజు పొద్దున, ఎందుకో, దవడ లాగినట్టనిపించింది. మెల్లగా ఒక్కో తాడూ విప్పడం మొదలుపెట్టాను.

“అలా కాదు బావా,” అంది చిన్నది గుడారం లోపల్నుంచి.

తాడు మళ్ళీ కట్టేశాను. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని నీళ్ళలోకి నడిచాను.