ఎర్ర తలుపు పడగానే లేవాలి

ఆ శనివారం ఉదయం ఆర్విల్ జాస్ట్రో అనే పెద్దాయన స్టేడియానికి పట్టుకెళ్లే మెత్తను వరండాలో దులుపుతుంటే, భార్య లవాన్ చేతిలో గరిటెతోనే వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇవాళ టెస్సా షోకి లేచి నిలబడతావు. చప్పట్లు కొడతావు. తెలిసిందా?"

"చూద్దాంలే."

"చూద్దాం లేదు, గీద్దాం లేదు. ఊళ్లో దానికిదే ఆఖరి షో."

ఆర్విల్ మెత్తను ఇంకో రెండుసార్లు దులిపాడు. వాల్డ్‌హైమ్‌లో ఆయన కూర్చోవడం, లేవడం ఊరి సంగతే గాని సొంత సంగతి కాదు. కుర్రతనంలో ఆయన ఆ ఊరి డ్రమ్ కోర్ 'హెరాన్స్'లో బాకా ఊదాడు. వేసవంతా బాకాలు, డప్పులు వేసుకుని ఊరూరా ఫుట్‌బాల్ మైదానాల్లో కవాతు చేయడమే వాళ్ల పని. ఆయన రోజుల్లో షో అంటే షోలా ఉండేది. సైనికుల దుస్తులు, టోపీ మీద కుచ్చు, ఆ గీత దగ్గర బయల్దేరి ఈ గీత దగ్గర ఆగడం, జెండాకు వందనం, అయిపోయింది. ఇప్పుడో! మైదానం నిండా నిచ్చెనలు, ఊయలలు. పిల్లలు నేల మీద దొర్లుతారు. స్పీకరులో ఎవరో మూలుగుతుంటారు. ఒక ఏడు షో పేరు 'నీటి జ్ఞాపకం' అన్నారు. "నీటికి జ్ఞాపకమేమిటి, నా పిండాకూడు!" అని ఆర్విల్ గ్యాలరీలోనే అరిచాడు. టోపీల మీద కుచ్చు తీసేసిన ఏడాది చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి, మళ్లీ ఏ షోకీ లేవలేదు. ఆయన లేవకపోతే ఊరూ లేవదు. షో అయిపోగానే జనం ముందు మైదానం వైపు కాదు, వెనక్కి తిరిగి పై వరసలో ఆర్విల్ వైపు చూస్తారు.

మనవరాలు టెస్సాకు ఇరవై ఒకటి నిండింది. ఆ వయసు దాటితే కోర్‌లో ఉండనివ్వరు. ఈ వేసవితో సరి. బాకా మీద ఒంటరిగా వాయించే ఘట్టం ఈ ఏడు ఆ పిల్లదే. ప్రాక్టీసుకు వెళుతూ గుమ్మంలో ఆగి అడిగింది.

"తాతా, నా కోసం ఒక్కసారి లేవ్వా?"

"లేస్తానమ్మా. కానీ ఎప్పుడు లేవాలి? మీ షోలు ఎప్పుడు మొదలవుతాయో, ఎప్పుడు అయిపోతాయో ఎవడికి తెలిసి చస్తుంది?"

"చాలా తేలిక. ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతుంది. అదే ఈ ఏడు కథ. మైదానం మధ్యలో ఎర్ర తలుపుంటుంది. చివర్లో అది దభీమని పడిపోతుంది. అప్పుడు లే."

"తలుపు పడగానే లేవాలి. అంతేగా?"

"అంతే తాతా."

ఆర్విల్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లలో ఈ కొత్తరకం షోల గురించి ఆయనకు అర్థమైన మొదటి మాట అదే.

సాయంత్రం లవాన్‌కు గేటు దగ్గర సాసేజ్‌ల కొట్లో వంతు పడింది. లేకపోతే మొగుడి పక్కనే కూర్చుని మోచేత్తో పొడిచేది, ఈ కథ ఉండేది కాదు. ఆర్విల్ పక్కన ఆయన చిన్ననాటి జతగాడు హార్లన్ కూర్చున్నాడు. ఒకప్పుడు తాళాలు వాయించినవాడు, ఇప్పుడు విసుక్కోవడంలో ఆర్విల్‌కు సరిజోడు.

కొన్ని పొరుగూళ్ల బృందాల తర్వాత హెరాన్స్ వంతు వచ్చింది. పిల్లలకంటే ముందు సామాన్లు మోసే తండ్రులు మైదానంలోకి దిగారు. వాళ్లకు నాయకుడు గ్లెన్. అంటే టెస్సా తండ్రి, ఆర్విల్ కొడుకు. గ్లెన్ కుర్రాడిగా ఉన్నప్పుడు కోర్‌లో చేరబోయాడు గానీ, కుడికాలు అంటే ఎడమకాలు వేసేవాడు. "నువ్వొద్దులేరా" అని తండ్రే చేయి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. అప్పటినుంచి ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఇప్పుడు కూతురి కోసం సోఫాలు మోస్తున్నాడు. షోలో పిల్లలవి బూడిదరంగు పనిబట్టలు, టోపీలు. ఊరికే ఉండకుండా తండ్రులకూ అవే కుట్టించారు. పై వరసలోంచి చూస్తే అందరూ ఒక్కలాగే ఉన్నారు.

"మొదలైందిరా," అన్నాడు ఆర్విల్.

"ఏదీ, వాయిద్యమే లేదుగా?" అన్నాడు హార్లన్.

"ఈ కాలం షోలకి వాయిద్యమెందుకు? ఇల్లు ఖాళీ చేస్తున్నారు చూడు. అదే కథ."

కింద గ్లెన్ కాలి మీద సోఫా పడింది. పాపం ఒంటికాలి మీద గెంతాడు.

"అబ్బ! ఆ కుంటడం చూడు. నిజంగా తగిలినట్టే చేస్తున్నాడు. ఎవడో గానీ గట్టివాడు."

"ఇరవై ఒకటి దాటితే ఉండనివ్వరుగా? వీడు మరీ ముదురుగా ఉన్నాడే."

"మేకప్పురా."

గ్లెన్ ఎర్ర తలుపు నిలబెట్టి, అడుగున బరువులు పెట్టబోయేలోపు సరస్సు వైపు నుంచి గాలి విసిరి కొట్టింది. తలుపు దభీమని పడింది.

ఆర్విల్ లేచాడు. మాట ఇచ్చిన మనిషి కదా, మనసారా లేచాడు. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. కింద వరసలో ఎవరో "ఆర్విల్ లేచాడు!" అని కేక పెట్టారు. అంతే, ఊరు ఊరంతా లేచింది. సాసేజ్‌ల కోసం వెళ్లినవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

"ఏమైంది? ఏం జరిగింది?"

"ఏమో! ముందు లే!"

మైదానంలో తండ్రులు కొయ్యబారిపోయారు. పుట్టి బుద్ధెరిగాక వాళ్లకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గ్లెన్ ఏం చేయాలో తోచక వంగి దండం పెట్టాడు. నడుం తగిలి వెనకున్న అట్టపెట్టెలన్నీ కూలాయి. చప్పట్లు రెట్టింపయ్యాయి. పైన మైకు గదిలో వేయించిన చీజ్ ముక్కలు తింటున్న వ్యాఖ్యాత మిల్ట్ ఆ హోరుకు ఉలిక్కిపడి, తినే యావలో తను చూడకుండానే షో అయిపోయిందనుకుని మైకు అందుకున్నాడు. "ఆహా, హెరాన్స్! ఏం షో అండీ! ఇప్పుడు తర్వాతి బృందం!"

తర్వాతి బృందం వాళ్లది సముద్రం కథ. వాళ్లు గాలి ఊదిన ఇంటంత తిమింగలాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చేశారు. అది వచ్చి సోఫాకు గుద్దుకుంది. అధికారులు విజిల్స్ వేసుకుంటూ పరుగెత్తారు. వెనక్కి లాగుతుంటే తోక గేట్లో ఇరుక్కుంది. గేటు దగ్గర లోపలికి రావడానికి నిలబడ్డ హెరాన్స్ పిల్లలు తిమింగలం పొట్ట కింద నలుగుతున్నారు. చివరకు మిల్ట్ గొంతు సవరించుకున్నాడు.

"క్షమించాలి. హెరాన్స్ షో ఇంకా మొదలుకాలేదు. ఇందాక మీరు చూసింది సామాన్లు సర్దడం."

జనమంతా వెనక్కి తిరిగి ఆర్విల్ వైపు చూశారు. ఈసారి చూపు వేరు. ఆయన టోపీ ముక్కు దాకా లాక్కున్నాడు. లవాన్ పట్టకారు ఝళిపిస్తూ మెట్లెక్కి వచ్చింది.

"దేనికి లేచావు?"

"తలుపు పడింది!"

"సామాన్లు మోసేవాళ్లకి లేస్తావా? నీకు మతి పోయిందా? ఇదుగో, ఈసారి షోలో తలుపు పడాలి. పడేదాకా నువ్వు కదిలావో, చూసుకో మరి!"

సాసేజ్‌లు మాడుతున్నాయని ఆవిడ పరుగెత్తింది.

పడ్డ దెబ్బకు తలుపు వెనక ఆనింపు కర్ర విరిగింది. బాగుచేసే వ్యవధి లేదు. గ్లెన్ దాని వెనక గొంతుక్కూర్చుని రెండు చేతులతో చట్రాన్ని పట్టుకున్నాడు. షో మొదలైంది. ఎర్ర తలుపు తెరుచుకుని టెస్సా బయటకు వచ్చింది. బాకా ఎత్తి ఒకే స్వరం పట్టి, దాన్ని మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు సాగనిచ్చింది. ఆర్విల్‌కు ఏడుపొచ్చింది. టోపీ మీద కుచ్చు లేని పిల్ల తనను ఏడిపించిందని కొంచెం కోపం కూడా వచ్చింది. ఇలాంటి స్వరం తానూ వయసులో ఉన్నప్పుడు ఊదాలని ఎంతో ప్రయత్నించాడు, రాలేదు.

కథ చివరకు వచ్చింది. ఇల్లు ఖాళీ అయింది. పిల్లలంతా కలిసి తలుపును తోశారు. పడలేదు.

సామాన్లు మోసేవాళ్లు షో చూడరు. ట్రక్కు దగ్గరుండి విరిగినవి అతికిస్తుంటారు. షో అయ్యాక వచ్చి చూస్తే ప్రతిసారీ తలుపు నేల మీద ఉండేది. అది తన పనితనంలో లోపమనుకుని గ్లెన్ వారం వారం అడుగున ఇంకో బరువు పెడుతూ వచ్చాడు. ఇవాళ ఊరందరి ముందూ ఒకసారి పడేశాడు. ప్రాణం పోయినా మళ్లీ పడనివ్వదలచుకోలేదు.

"నాన్నా, వదిలెయ్!" అంది టెస్సా పళ్ల బిగువున.

"భయపడకు తల్లీ! నేను పట్టుకున్నా!"

అవతలి నుంచి పిల్లలు, ఇవతలి నుంచి గ్లెన్. సంగీతం ఆగిపోయింది. తలుపు నిలబడే ఉంది. స్టేడియంలో చీమ చిటుక్కుమన్నా వినపడేట్టుంది. అందరూ వెనక్కి తిరిగారు. టెస్సా కూడా తలెత్తి పై వరస వైపే చూస్తోంది.

"లేవరా!" అన్నాడు హార్లన్.

"తలుపు పడలేదుగా!"

"పిల్ల చూస్తోందిరా!"

"నాకు కనపడట్లేదా? మళ్లీ పొరపాటున లేస్తే లవాన్ బతకనిస్తుందా?"

ఆర్విల్ మోకాళ్లు లేవమని పోరుతున్నాయి. అప్పుడే తోపులాటలో తలుపు వెనక మనిషి టోపీ ఊడింది. దీపాల వెలుగులో బట్టతల తళుక్కుమంది. జాస్ట్రోల ఇంటి బట్టతల! ఎక్కడున్నా ఆర్విల్ పోల్చుకోగలడు. ఇందాకటి ఆ గట్టి నటుడు ఎవరో కూడా అప్పుడే తెలిసింది. బాకా ఊదిన గుండెలు కదా, ఊపిరంతా కూడదీసుకుని అరిచాడు.

"ఒరేయ్ గ్లెన్! ఇంక వదలరా! పిల్ల వెళ్లాలి!"

గ్లెన్ తలెత్తాడు. కూతుర్ని చూశాడు. చేతులు వదిలేసి పక్కకు దొర్లాడు. తలుపు దభీమని పడింది. టెస్సా దాని మీదుగా నడిచి, వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయింది.

ఆర్విల్ లేచాడు. ఊరు లేచింది. ఈసారి చాలామంది ముక్కులు చీదుకుంటూ లేచారు.

షో తర్వాత బస్సుల వెనక టెస్సా తాత మెడకు వేలాడుతుంటే, షో రూపొందించిన ప్రెస్టన్ అనే కుర్రాడు రొప్పుతూ వచ్చాడు.

"సార్, ఆ కేక! పిల్లను వదల్లేని తండ్రి, పైనుంచి తాత గొంతు! ఇన్నాళ్లూ మా షోకి లేనిదేదో ఇవాళ తెలిసింది. వచ్చేవారం నుంచి మీరిద్దరూ మాతో రావాలి."

"నేనా? ఈ వేషాలు నేనెయ్యను!"

టెస్సా తాత వైపు ఊరికే చూసింది. దానితో ఆయన పని అయిపోయింది.

గ్లెన్ కుంటుకుంటూ దగ్గరకు వచ్చాడు. "నాన్నా, మొదట లేచింది నాకేనటగా?"

"పొరపాటున."

"అయినా లేచావుగా."

ఆర్విల్ వంగి కొడుకు బూటు వైపు చూశాడు. "కాలెలా ఉందిరా?" అని అడిగాడు.

మరుసటి శనివారం పక్క ఊళ్లో, బూడిదరంగు పనిబట్టల్లో ఆర్విల్ గ్యాలరీ మధ్యలో నిలబడి స్టేడియం దద్దరిల్లేలా అరిచాడు. తలుపు పడింది. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. పై వరసలో హార్లన్ ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"మన రోజుల్లో," అన్నాడు పక్కాయనతో, "ముసలాళ్లు నోరు మూసుకుని కూర్చునేవాళ్లు."