కుడికి తిరగని జీపు

పొద్దున లేచేసరికి జమ్లీ మనసులో రోజంతా సర్దిపెట్టుకుంది. పది గంటల దాకా చేనులో పత్తి ఏరాలి. ఇంటికొచ్చి తలస్నానం చేసి కొత్త చీర కట్టుకోవాలి. పన్నెండింటికి జీపెక్కి, తొమ్మిది కిలోమీటర్ల అవతలున్న నామినేషన్ కేంద్రంలో సర్పంచ్ పదవికి కాగితాలిచ్చి, చీకటి పడకముందే తిరిగొచ్చి పత్తి బస్తాలు కుట్టాలి. కులం సర్టిఫికెట్ నిన్ననే చేతికొచ్చింది. నామినేషన్లకు ఇవాళే ఆఖరు. సాయంత్రం ఐదు దాటితే నర్సింహులపేట పక్కనున్న వాళ్ల తండా అవతలి అభ్యర్థి ఊర్మిళ చేతికి పోయినట్టే. నిజానికి ఊర్మిళ కూడా ఇంకా కాగితాలివ్వలేదు. ఆమె భర్త వీరేందర్‌కు ముహూర్తాల పిచ్చి. నాలుగున్నర దాటాక మంచి ఘడియ ఉందని అతనికి ఎవరో చెప్పారు.

జమ్లీ భర్త మంగ్యా తెల్లవారుజామునే "టైర్లకు గాలి కొట్టిచ్చుకొస్త" అని జీపు తీసుకొని పోయాడు. పన్నెండైంది, రాలేదు. ఒంటిగంటైంది, రాలేదు. ఒకటిన్నరకు వాకిట్లోకి ముందు నాలుగు టైర్లు వచ్చాయి. వాటిమీద, ఎక్కడో పైన, జీపు వచ్చింది.

"గిదేందయ్యా?" అంది జమ్లీ.

"జనగామల బిగిపిచ్చిన!" మంగ్యా అంత ఎత్తునుంచి కిందికి దూకి మీసం దువ్వుకున్నాడు. "సర్పంచ్ ఇంటి జీపంటే గిట్లుండాలె. పెద్ద టైర్లు లోపల తగులకుంట బయటికి రావాల్నంటే స్పేసర్లు గావాలన్నడు మెకానిక్. గవి గూడ వేపిచ్చిన."

స్పేసరంటే చక్రానికీ ఇరుసుకూ నడుమ బిగించే ఇనుప బిళ్ల. మెకానిక్ దగ్గర ఒకే మందానివి నాలుగు దొరకలేదు. కుడివైపు రెండు వేళ్ల మందం బిళ్లలు, ఎడమవైపు మూడు వేళ్ల మందం బిళ్లలు పడ్డాయి. "ఒక్క వేలు తేడాకు ఏమైతది?" అన్నది మంగ్యాయే.

జమ్లీకి పోట్లాడటానికి టైము లేదు. ఆమెను ప్రతిపాదించే సత్తమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. సత్తమ్మకు సంతకం రాదు, వేలిముద్ర అధికారి ముందరే వెయ్యాలి. ఆమె జీపును కిందినుంచి పైదాకా చూసి, "బిడ్డా, నేను జీపెక్కాల్నా, తాడిచెట్టు ఎక్కాల్నా?" అంది. డ్రైవరు పక్క తలుపు కాకుండా రెండో పక్కన, అంటే ఎడమవైపున, మెట్టులా పనికొచ్చే పొడుగాటి ఫుట్‌బోర్డు ఉంది. అది కూడా ఇప్పుడు సత్తమ్మ నడుము దాకా వచ్చింది. బిందె బోర్లించి దానిమీద నిలబెట్టి, ఇద్దరు లాగితే ఇద్దరు తోస్తే ఆమె పైకి చేరింది. అప్పటికి రెండుంబావు.

తండా దాటగానే బాట రెండుగా చీలుతుంది. కుడికి తిరిగితే తారురోడ్డు. మంగ్యా ఠీవిగా స్టీరింగు కుడికి తిప్పాడు. గర్రుమంది. ఇంకాస్త తిప్పాడు. రాయి నమిలినట్టు చప్పుడొచ్చి బండి వణికింది. దిగి చూస్తే, బయటికి తోసుకొచ్చిన ఎడమ ముందు టైరు, కుడికి తిరిగినప్పుడల్లా వెనక అంచుతో ఫుట్‌బోర్డును కొరుకుతోంది. ఎడమకు తిప్పితే మాత్రం వెన్నలా తిరుగుతోంది. ఫుట్‌బోర్డు ఊడదీద్దామంటే అది వెల్డింగు చేయించినది. వెనక్కి తీసి తిప్పుకుందామంటే ఆ జీపుకు రివర్సు గేరు పడక రెండేళ్లయింది. పాత టైర్లు జనగామ షాపులోనే ఉండిపోయాయి.

"మరిప్పుడెట్ల?" అంది జమ్లీ. కాగితాల ప్లాస్టిక్ కవరు ఆమె గుండెలకు అతుక్కుపోయింది. మూడేళ్లు పొదుపు సంఘం నడిపి, ఇంటింటికీ తిరిగి, ఇంత దూరం వచ్చింది. అదంతా ఒక వేలు మందం దగ్గర ఆగిపోయేలా ఉంది.

"పరేషాన్ గాకు. ఎడమకు పోదాం. గూడెం మీదికెళ్లి వాగు దాటితె గదే తారురోడ్డు."

వాగొడ్డు గూడెం వాళ్ల పంచాయతీలోదే. అరవై ఓట్లుంటాయి. దారి బాగుండదు కాబట్టి ఓట్లప్పుడు కూడా ఎవరూ అటు పోరు, అక్కడివాళ్లకే ఫోను చేసి చెబుతారు. జీపు గుంతలన్నీ ఎగిరి దాటుకుంటూ గూడెం చేరింది. గూడెం నడుమ నీళ్ల ట్యాంకు దగ్గర బాట మళ్లీ కుడికి తిరుగుతుంది. మంగ్యా తల గోక్కున్నాడు. ఆలోచించి, ట్యాంకు చుట్టూ ఎడమకే తిప్పుకొని వస్తే వాగు బాటకు ఎదురుగా నిలబడొచ్చని తేల్చాడు. మొదటి చుట్టులో బర్రె అడ్డమొచ్చింది. ఆపితే మళ్లీ మలుపు దొరకదని ఇంకో చుట్టు తిప్పాడు. రెండో చుట్టులో కోళ్లగంప. మూడో చుట్టుకు గూడెమంతా బయటికొచ్చింది.

"ట్యాంకు చూడనీకి వచ్చిండ్రు!" అని ఎవరో అరిచారు. "ఎక్కడ ఖరాబైందో సుట్టూ తిరిగి సూస్తున్నరు!"

పెద్దమనిషి యోసేపు చేతులు జోడించి జీపుకు ఎదురుగా నిలబడ్డాడు. "బిడ్డా, రెండేండ్లాయె గిది ఎండి. గిప్పటి దాంక ఒక్కలు గిటు మొకం పెట్టలే. నువ్వు ఒక్కసారి గాదు, మూడుసార్లు తిరిగి చూసినవ్."

మంగ్యా నిజం చెప్పబోయాడు. జమ్లీ అతని మోచెయ్యి గిల్లి కిందికి దూకింది. దిగాక ఆమెకు అబద్ధం ఆడాలనిపించలేదు. చూడకుండా పోవాలని కూడా అనిపించలేదు. ట్యాంకు కిందికి పోయింది. వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. ఆడవాళ్లు వాగు ఇసుకలో తవ్విన చెలిమె నుంచి బిందెలు మోస్తున్నారు.

"తాతా, నేను గెలుస్తనో లేదో ఎరుకలేదు. గెలువకున్నా గీ వాల్వు మార్పిచ్చేదాంక ఆఫీసు సుట్టు తిరుగుత. గిప్పుడైతే నన్ను జల్ది పోనియ్యుండ్రి, ఐదు దాటితే అంత ఆగమైతది."

ఈ లోపల ఎవరో వీరేందర్‌కు ఫోను కొట్టారు. అతనికి అందిన కబురు వేరు. జమ్లీ గూడెంలో ఊరేగుతోందట, గూడెమంతా ఆమె వెనకే నడుస్తోందట. వీరేందర్ ముహూర్తం సంగతి మరిచి, ఊర్మిళను తెల్ల కారులో కూర్చోబెట్టుకొని, గూడేనికి తాను కూడా ఏదో ఒకటి మాటివ్వాలని తారురోడ్డు వైపు నుంచి వాగులోకి దింపాడు. కారు నడి వాగులో ఇసుకలో కూరుకుపోయింది.

జీపు వాగు దగ్గరికొచ్చేసరికి నాలుగైంది. మోకాలి లోతు నీళ్లు. కారు పొట్ట మీద కూర్చుంది. మంగ్యా ముఖం వెలిగిపోయింది. "జమ్లీ! ఆళ్లు గీడనే ఉంటె నువ్వు ఏకగ్రీవం!" అని, పెద్ద టైర్లతో నీళ్లు చిమ్ముకుంటూ కారు పక్కనుంచి దాటబోయాడు.

కారులోంచి ఊర్మిళ నామినేషన్ కాగితాలు నెత్తిమీద పెట్టుకొని, "అక్కా!" అని పిలిచింది. చిన్నపిల్ల. ఇరవై రెండేళ్లుంటాయి.

"ఆపు," అంది జమ్లీ.

"ఆపుడేంది! టైము నాలుగు దాటింది!"

"ఓట్లల్ల గెలుస్త. ఇసుకల గాదు. తాడు తియ్యి."

మంగ్యా తమ భాషలో గొణుక్కుంటూ తాడు విసిరాడు గానీ సీటు దిగలేదు. వీరేందర్ ఒక కొస కారు వెనక కొక్కేనికి కట్టి, కంగారులో రెండో కొస చేతికందిన చోట, జీపు ఫుట్‌బోర్డు చివరకు బిగించాడు. జీపు వెనకే వాగు దాకా వచ్చిన గూడెం జనం కారును తోశారు. మంగ్యా ఒక్క ఊపు లాగాడు. ఢాంమని చప్పుడై ఫుట్‌బోర్డు వెల్డింగు ఊడిపోయి నీళ్లలో పడింది.

"నా జీపు!" అని మంగ్యా నెత్తి కొట్టుకున్నాడు. వీరేందర్ బిక్కచచ్చిపోయాడు.

జమ్లీ మాత్రం ఊడిన చోటును చూసింది, టైరును చూసింది. "నెత్తి తర్వాత కొట్టుకో. స్టీరింగు కుడికి తిప్పు."

తిప్పాడు. చప్పుడు లేదు. ఇంకా తిప్పాడు. టైరు నిమ్మళంగా కుడికి తిరిగింది. మధ్యాహ్నం నుంచి లోకంలో ఎడమ తప్ప వేరే దిక్కు లేని మనిషి, నడి వాగులో కూర్చొని పగలబడి నవ్వాడు. అతనెందుకు నవ్వుతున్నాడో అర్థంకాక వీరేందర్ ఇంకా భయపడ్డాడు.

ఈసారి తాడు జీపు వెనక చాసిస్‌కు కట్టారు. కారు ఒడ్డుకొచ్చింది గానీ ఇంజన్లో నీళ్లు పోయి స్టార్టు కాలేదు. దాంతో ఇద్దరు అభ్యర్థులూ, ఇద్దరు భర్తలూ, ఒక సత్తమ్మా ఒకే జీపులో, తారురోడ్డు మీద కుడికి తిరిగి, నామినేషన్ కేంద్రం ముందు నాలుగూ నలభైకి దిగారు. సత్తమ్మ తప్ప. ఫుట్‌బోర్డు లేదు, నేల చాలా కింద ఉంది.

లోపలినుంచి అధికారి స్వప్న మేడం, "ప్రతిపాదకురాలు ఎక్కడ? టైమైతుంది!" అని కేకేసింది.

గుంతల్లో ఎగిరెగిరి మంగ్యా నడుము పట్టేసింది. చివరికి వీరేందరే జీపు కింద నిలబడి, చేతులు చాచి, ప్రత్యర్థి ప్రతిపాదకురాలిని చంటిపిల్లలా ఎత్తుకొని గేటు దాకా మోశాడు. చుట్టూ ఉన్న జనం ఫోన్లు తీశారు. "జర మెల్లగ బిడ్డా, నీ ఓటు గూడ మాకే వేస్తవా ఏంది?" అని సత్తమ్మ అతని భుజం మీదినుంచే అడిగింది. నాలుగూ యాభై రెండుకు ఆమె బొటనవేలు కాగితం మీద పడింది. దాని వెనకే ఊర్మిళ సంతకం చేసింది.

ఓట్ల లెక్కింపు రోజు తండా ఓట్లు సగం సగం చీలాయి. గూడెం పెట్టె తెరిచాక ఇంక లెక్కించే పనే లేకపోయింది. జమ్లీ నలభై మూడు ఓట్లతో గెలిచింది. డప్పులు మోగాయి, గులాలు లేచింది, ఊర్మిళ వచ్చి అందరికంటే ముందు ఆమెకు బొట్టు పెట్టింది. యోసేపు తన నెత్తికి చుట్టుకున్న తువ్వాలు విప్పి గాలిలో తిప్పాడు. ఆ తిప్పడం కుడికో ఎడమకో ఎవరూ పట్టించుకోలేదు.

పంచాయతీ మొదటి సమావేశంలో వాల్వు సంగతి అయిదు నిమిషాల్లో తేలింది. తర్వాత గూడేనికి సిమెంటు రోడ్డు, వాగు మీద వంతెన కావాలని జమ్లీ తీర్మానం చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరుసలోంచి ఒక్క మంగ్యా లేచి, రోడ్డు అంత మంచిగ పడితే గింత పెద్ద టైర్లు దేనికని అడిగాడు. ఆ ప్రశ్నను మినిట్స్ పుస్తకంలో రాయలేదు.