కడెం కట్ట మీద మా బాపు పేరు

ఆదివారం తెల్లవారగానే మా బాపు టిఫిను సంచిలో ఉలి, సుత్తె పెట్టుకోవడం నేను చూశాను. నన్ను చూసి మూతి మీద వేలు పెట్టుకున్నాడు. ఆ అవసరం లేదు. నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడను కాబట్టి మా ఇంట్లో రహస్యాలన్నీ నా ముందే జరుగుతాయి.

ఉలి ఎందుకో తెలియాలంటే ముందు మా బాపు పేరు చెప్పాలి. బాపు అంటే నాన్న. ఆయన పేరు బుచ్చన్న. రామకృష్ణాపూర్‌లో మా క్వార్టర్ల లైనంతా మాత్రం కడెం బుచ్చన్న అంటుంది. బొగ్గుగనిలో చేరకముందు కడెం ప్రాజెక్టు కట్టింది తనేనని ఆయన అందరికీ చెప్పుకునేవాడు. గట్టిగా అడిగితే ఇంకా కొందరు కూడా ఉన్నారని ఒప్పుకునేవాడు. చెప్పిన ప్రతిసారీ కట్ట నాలుగు మూరల ఎత్తు పెరిగేది. చివరికి కథ ఇలా ముగిసేది:

"మేస్త్రీ నా చేతికి ఉలి ఇచ్చి, 'బుచ్చన్నా, నీ పేరు లేకుంటె ఈ కట్ట నిలవదు, చెక్కు' అన్నడు. చెక్కిన. ఇప్పటికి ఉన్నది."

మా బాపు గనిలో చేరిన తరవాతే రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాడు. మరి అంతకుముందే పేరు ఎలా చెక్కాడని లైనులో ఎవరూ అడగలేదు.

నాకూ తోచలేదు. నేను ఏడో తరగతి దాకా అమ్మమ్మ ఊళ్ళో చదువుకుని ఆ ఏడే ఇక్కడి బడిలో చేరాను. వ్యాసం రాయమంటే "మా బాపు కట్టిన ప్రాజెక్టు" అని రాశాను. పంతులమ్మ దాన్ని క్లాసులో పైకి చదివింది. ఆ రోజు మొదటిసారి ఇద్దరు అమ్మాయిలు వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆ కట్ట మీద ఆ పేరు ఉండటం మా బాపుకి ఎంత అవసరమో నాకూ అంతే అవసరం.

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. కడెం నిండిందని తెలిసి పక్కింటి రాయమల్లు కాక, నాకు బాబాయి వరస, లారీ మాట్లాడాడు.

"బుచ్చన్నా, లైనంత వస్తున్నరు. ఇగ నీ పేరు సూపియ్యాలె."

ఆ వారంలో మా బాపుకి మూడు రోగాలు వచ్చాయి.

"ఏమే, నడుము వట్టేసింది" అన్నాడు మా అవ్వతో. అమ్మను మేం అవ్వ అంటాం, ఆమె పేరు సారక్క.

"లారీల నిలవడి రా."

"జరం అచ్చినట్టున్నది."

"కడెం గాలి తగిలితె పోతది."

"చెప్పులు తెగినయ్."

"కట్ట కట్టేటప్పుడు చెప్పులేసుకున్నవా?"

మూడు మందులూ పనిచేశాయి. మా బాపు లారీ ఎక్కాడు. ఒళ్ళో టిఫిను సంచిని పసిపిల్లలా పట్టుకున్నాడు. లారీ గుంతలో పడినప్పుడల్లా సంచి ఠంగుమనేది.

"సద్దిల ఏం వెట్టినవ్ వదినె, గంత గట్టిగున్నది?" అన్నాడు రాయమల్లు కాక.

"రొట్టెలు" అంది అవ్వ. "నేను చేసినయే. మీ అన్న రోజు గట్లనే అంటడు."

లక్షెట్టిపేట దాటాం, జన్నారం దాటాం. అడవి మొదలైంది. టేకు చెట్ల మధ్య ఇంకేం వస్తుందా అని చూస్తుండగానే లారీ కట్ట దగ్గర ఆగింది. అందరం దిగి పైకెక్కాం.

నేను అంతకుముందు చూసిన పెద్ద నీళ్ళు మా లైను చివర నల్లా కింది తొట్టి. ఇక్కడ నీళ్ళకి అవతలి ఒడ్డు లేదు. గుట్టలు మోకాళ్ళ లోతున దిగి నిలబడ్డట్టున్నాయి. మబ్బులు పైన ఉన్నాయో కింద ఉన్నాయో తెలియలేదు. ఎవరూ మాట్లాడలేదు. ఎప్పుడూ నోరు మూయని మా లైనంతా ఒక్కసారి నాలా అయిపోయింది.

గనిలో నీళ్ళ చప్పుడు వినబడితే మా వాళ్ళు వెనక్కి పరుగెత్తాలి. ఇక్కడ అందరూ మెల్లగా ముందుకు నడిచారు. అందరికన్నా ముందు మా బాపు నడిచాడు. నోరు తెరుచుకుని, తువ్వాల జారిపోయినా చూసుకోకుండా అలాగే నిలబడ్డాడు. తను కట్టినదాన్ని చూసి అంత ఆశ్చర్యపోయిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

అవ్వ మాత్రం కొంగు ముడి విప్పి పసుపు కుంకుమ తీసి గంగమ్మకు చల్లింది. దోసెడు నీళ్ళు పట్టుకుని చాలాసేపు చూసింది. తరవాత తాగింది.

"ఏది బుచ్చన్నా, పేరు?" అన్నాడు రాయమల్లు కాక.

"పేరు ఏడికి వోతది? ముందు పొయ్యిలు ముట్టియ్యుండ్రి. నేను పోయి జర నాచు గీకి వస్త."

సంచి చంకన పెట్టుకుని మా బాపు మాయమయ్యాడు. ఆడవాళ్ళు పొయ్యిలు పెట్టారు. పిల్లలు నీళ్ళలోకి రాళ్ళు విసిరారు. నేను కట్ట అంచున నిలబడి అవతలి వైపుకి తొంగిచూశాను. చాలా లోతున, గోడ మొదట్లో బండల మీద, చీమంత మా బాపు. ఠక్, ఠక్ అని సన్నగా వినబడుతోంది. రాత్రిబడి అక్షరాలు రాతి మీద పడుతున్నాయి.

నేను ఎవరికీ చెప్పలేదు. త్వరగా చెక్కు బాపూ అనుకున్నాను. దేవుడికి కూడా మొక్కాను. అది తప్పని నాకు తెలుసు.

అప్పుడు సైరన్ మోగింది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా లైనులో ఎవరింట్లోనూ గడియారం లేదు. గని సైరన్ మోగితే మగవాళ్ళు పీట మీద కూర్చుంటారు, ఆడవాళ్ళు కంచం పెడతారు, తిని డ్యూటీకి పోతారు. డ్యూటీ లేని రోజు కూడా సైరన్ మోగితే మా బాపుకి ఆకలేస్తుంది. జరం వచ్చి మూలుగుతూ పడుకున్న రోజు కూడా సైరన్ వినగానే లేచి కూర్చుని చెయ్యి కడుక్కున్నాడు.

కడెం సైరన్ మోగగానే ఒడ్డున చేపలు పడుతున్న ఊరివాళ్ళు వలలు చుట్టుకుని పైకి పరుగెత్తారు. మా లైను మగవాళ్ళు మాత్రం ఉన్నచోటే బాసింపట్లు వేసుకుని కూర్చుని టిఫిన్ల మూతలు తీశారు.

కాపలా మనిషి కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "ఓ అన్నలు, ఇది బువ్వ సైరన్ గాదు! గేట్లు లేపుతున్నరు! కింద ఎవలన్న ఉంటె పైకి పిలువుండ్రి!"

నేను కిందికి చూశాను. మా బాపు ఉలి పక్కన పెట్టి, బండ మీద కూర్చుని, రొట్టె తుంచుతున్నాడు.

నా జన్మలో మొదటిసారి అరిచాను. "బాపూ!"

లైనంతా నా వైపు తిరిగింది. నాకు గొంతుందని చాలామందికి అప్పుడే తెలిసింది. మా బాపు కూడా విని, నేనూ ఆకలితో ఉన్నాననుకుని, రొట్టె ముక్క ఎత్తి చూపించాడు.

రాయమల్లు కాక కుడి వైపు పరుగందుకున్నాడు. అవ్వ ఆపింది. "అటు దిగనీకి రాదు!" రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, గుట్టలు మారుమోగేలా "ఓ... హోయ్!" అంది. ఆ కేక మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. "ఎడమకు తిరుగు! గోడ మూలకు మెట్లున్నయ్! జల్ది ఎక్కు!"

మా బాపు ఎడమకు తిరిగాడు. మెట్లున్నాయి. ఒక చేతిలో టిఫిను, ఇంకో చేతిలో రొట్టెతో పైకొచ్చాడు. ఉలి, సుత్తె బండ మీదే ఉండిపోయాయి.

గేట్లు లేచాయి.

అది చప్పుడు కాదు, కాళ్ళలోంచి ఎక్కే వణుకు. నీళ్ళు నీళ్ళలా లేవు, దూదిలా ఉన్నాయి, పొగలా ఉన్నాయి. తుంపర ఇంత ఎత్తు లేచి అందరి ముఖాలూ తడిపింది. ఏళ్ళ తరబడి బొగ్గు తప్ప ఇంకేం చూడని మగవాళ్ళు చేతులు జోడించారు. మా బాపు కూర్చున్న బండ ఒక్క క్షణంలో లేకుండా పోయింది. నేను అవ్వ చెయ్యి పట్టుకున్నాను. టిఫిను కింద పెట్టి ఆమె రెండో చేతిని బాపు పట్టుకున్నాడు.

కాసేపటికి మా బాపుకి ప్రాణం వచ్చింది. వెంటనే తెలివీ వచ్చింది.

"అయ్యో రాయమల్లూ! పేరు నీళ్ళ కిందికి వాయె! జరంతల సూపిద్దునంటె గేట్లు లేపిరి. ఏం జేస్తం!"

"పోనీయే అన్నా, ప్రాణం దక్కింది" అన్నాడు కాక. అందరూ నమ్మారు. బాపు నా వైపు చూసి మీసం మీద చెయ్యి వేశాడు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

"అది గాదు వదినె" అన్నాడు కాక, "గా మెట్లు నీకెట్ల తెలుసు?"

అవ్వ పొయ్యి ఊదుతూ, కూరలో ఉప్పు వేశావా అన్నంత మామూలుగా చెప్పింది. "గా మెట్ల మీది నుంచే తట్టలు మోసిన. మా అవ్వ, నేను, రెండెండకాలాలు. కరువుల కూలికి వచ్చినం. బండలు వేల్చెటప్పుడు సైరన్ మోగితె ఎటు ఉరకాలెనో మాకు మొదాలు అదే నేర్పిండ్రు."

రాయమల్లు కాక మెల్లగా మా బాపు వైపు తిరిగాడు.

"మరి... నువ్వు ఏ దిక్కు పని చేసినవయ్యా?" అంది అవ్వ మా బాపుతో.

మా బాపు ఆలోచించి దూరంగా చూపించాడు. "గా దిక్కు."

"గా దిక్కు గుట్ట గదా. గది దేవుడే కట్టిండు."

లైనంతా విరగబడి నవ్వింది. రాయమల్లు కాకకు పొలమారింది. మా బాపు రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాడు, మాట్లాడే పని తప్పించుకోవడానికి.

తిరిగొచ్చేటప్పుడు లారీలో అవ్వ పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు. "పదహారేండ్ల సంది ఒక్కనాడన్న చెప్పకపోతివి?"

"నువ్వెప్పుడు సందిచ్చినవ్?"

"పెండ్లి మాటలప్పుడే మీ నాయినకు చెప్పిన, కడెం కట్టిన అని. అప్పుడే తెలుసా నీకు?"

"తలుపెనక నిలవడి విన్న. కూలికి పోయిన సంగతి బయట పెట్టద్దని మా అవ్వ నోరు మూయించింది." కొంగు సర్దుకుని అంది. "అయినా నేను మోసిన తట్టలన్ని నువ్వు మోసిన అని చెప్తుంటె, నా నడుము నొప్పి జర తగ్గినట్టే ఉంటుండె."

బాపు తువ్వాల విదిలించి అవ్వ భుజాల మీద కప్పాడు. చలి లేదు.

మరునాడు బడిలో పంతులమ్మ దగ్గరికి నేనే వెళ్ళాను. వ్యాసం అడిగి తీసుకుని, పైన ఒక్క మాట కొట్టేసి, "అవ్వ" అని రాసి ఇచ్చాను. ఎందుకని అడిగితే అంతా నోటితోనే చెప్పాను. గంట కొట్టేదాకా చెప్పాను.

సాయంత్రం రాయమల్లు కాక కొత్తగా వచ్చిన పనివాణ్ని వెంటబెట్టుకుని మా గుమ్మంలో కూర్చున్నాడు.

"బుచ్చన్నా, గా కడెం ముచ్చట జర చెప్పరాదు."

మా బాపు పొయ్యి దగ్గరున్న అవ్వ వైపు చూశాడు.

"ఆమెను అడుగుండ్రి" అన్నాడు. "నేను ఆడ సద్ది తిన్న, గంతే."

అప్పుడే గని సైరన్ మోగింది. ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.