శ్వాస ప్రారంభోత్సవం

గురువారం ఉదయం పదిన్నరకు మంత్రిగారు తమ అమృత హస్తాలతో పసికందుల శ్వాసను ప్రారంభిస్తారని ఆహ్వానపత్రిక మీద బంగారు అక్షరాలతో అచ్చయింది. ప్రోటోకాల్ తెలియని పసికందులు మాత్రం పుట్టగానే ఆ పని మొదలుపెట్టేస్తున్నారు.

ఆసుపత్రికి ఆ శ్వాస మిషన్ సోమవారమే వచ్చింది. నెలలు నిండని పిల్లల ముక్కులోకి సన్న గొట్టాలతో వెచ్చటి తడిగాలిని జోరుగా పంపుతుంది. దాని నడుముకి సూపరింటెండెంటు స్వయంగా ఎర్ర రిబ్బను కట్టి, మంత్రిగారు కత్తిరించేదాకా ఎవరూ చెయ్యి వెయ్యరాదని హుకుం జారీ చేశాడు.

మంగళవారం మధ్యాహ్నం కిలో నూటయాభై గ్రాముల పాప పుట్టింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్క లోపలికి పోతోంది. ముప్పై ఏళ్లుగా ఇలాంటి డొక్కలు చూస్తున్న పెద్ద సిస్టరుకి చూడగానే తెలిసిపోయింది. ఇది గురువారం దాకా ఆగే డొక్క కాదు. పిల్లల డాక్టరు మిషన్ పెట్టమన్నాడు గానీ, రిబ్బను తాను చూడనేలేదంటూ గోడవైపు తిరిగాడు. సిస్టరు రిబ్బను చెదరకుండా ప్లగ్గు పెట్టింది. గంటలో డొక్క నెమ్మదించింది. తలుపద్దంలోంచి చూస్తున్న అమ్మమ్మ కళ్లొత్తుకుంది.

బుధవారం అది చూసిన సూపరింటెండెంటు సిస్టరుని పక్కకి పిలిచాడు.

"ఇప్పుడు మంత్రిగారు ఏం నొక్కుతారమ్మా? కాసేపు ఆపి, రేపు మళ్లీ మొదలుపెడదామా?"

"పాప ఒప్పుకోదు సార్. నొక్కడానికేగా, నేను చూస్తాను."

స్టోరురూములో మూలపడ్డ కాలింగ్ బెల్ స్విచ్చు ఒకటి తెచ్చి, చెక్కకి బిగించి, ముఖమల్ గుడ్డ పరిచిన బల్లమీద పెట్టించింది. వైరేదని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

పదిన్నరకు రావలసిన మంత్రిగారు సమయపాలన పాటించి ఒంటిగంటకే వచ్చారు. రిబ్బను కత్తిరించి, కళ్లు మూసుకుని స్విచ్చు నొక్కారు. సరిగ్గా అప్పుడే పాప పిడికిలి ఎత్తింది.

"చూశారా, నొక్కగానే ఎంత చురుకొచ్చిందో!" అన్నారు మంత్రిగారు.

పిల్లలు నిద్రపోతున్నారని సిస్టరు సైగ చేస్తే, అందరూ చప్పుడు లేకుండా చప్పట్లు కొట్టారు. ఇంకేం కావాలమ్మా అని మంత్రిగారు అడిగారు. ఇంకో రెండు మిషన్లు ఇప్పించమంది సిస్టరు. రెండేం ఖర్మ, పన్నెండు రాసుకోమన్నారాయన. పీఏ బల్లమీదున్న దాన్ని నాలుగువైపుల నుంచీ ఫోటో తీసుకున్నాడు.

మూడు వారాలకి పాప ఏ గొట్టమూ లేకుండా ఊపిరి పీలుస్తూ అమ్మమ్మ ఒళ్లోకి చేరింది. మిషన్ అప్పటికే పక్క తొట్టెకి వెళ్లింది. ఆ సాయంత్రమే పార్సిలొచ్చింది. సిస్టరు పరుగున వెళ్లి విప్పింది. లోపల మంత్రిగారి బొమ్మ అతికించిన టేకు చెక్కల మీద, ఎర్రటి స్విచ్చులు పన్నెండు.

ఆమె ఒక్కొక్కటీ నొక్కి చూసింది. రసీదులో పనితీరు అని ఉన్నచోట, "అన్నీ మొదటిదానిలాగే పనిచేస్తున్నాయి" అని రాసి సంతకం పెట్టింది.