వేలికి అంటిన పగడం

పొద్దున్నే పినపాకలో పని ముగించుకుని, మధ్యాహ్నం భోజనానికల్లా ఇల్లు చేరాలన్నది ఖాలిద్ పథకం. పని కూడా ఎంతని? బసవపున్నయ్యగారి హాల్లో అందానికి పెట్టుకున్న ఉప్పునీళ్ళ గాజుతొట్టి ఉంది. అందులో వేలెడంత బతికున్న పగడాన్ని, పువ్వులా రేకులు విప్పే సముద్రపు ప్రాణిని, రాయికి అంటించాలి. అడుగున గమ్ము రాసి, పది లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకుంటే సరి.

అయినా ఖాలిద్‌కు భయంగానే ఉంది. హైదరాబాద్‌లో నేర్చుకున్నానని చెప్పుకున్నాడు గానీ, నేర్చుకున్నదంతా ఫోన్‌లోనే. పైగా బసవపున్నయ్యగారు పొలానికి వెళ్తూ ఒక మాట అనే వెళ్ళారు.

"ఇది చచ్చిందంటే మళ్ళీ మా గడప తొక్కబాకు."

ఖాలిద్ బిస్మిల్లా అనుకుని గమ్ము రాశాడు, నీళ్ళలో చెయ్యి పెట్టాడు, పది లెక్కపెట్టాడు. పగడం గట్టిగానే అంటుకుంది. రాయికి కాదు, బొటనవేలికి.

లాగితే అది ముక్కలవుతుంది, నీళ్ళలోంచి తీస్తే చస్తుంది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. సరిగ్గా అప్పుడే ఆ ఇంటి ఇల్లాలు ప్రమీలారాణి కాఫీ పట్టుకొచ్చింది.

"చెయ్యి తియ్యవేం అబ్బాయ్? కుట్టిందా ఏంటి అది?"

అంటుకుందంటే పరువు గోదాట్లో కలుస్తుంది.

"అవ్ అమ్మా, జర కుట్టినట్టుంది."

ఆమె కేకకు బసవపున్నయ్యగారు పొలం గట్టు మీంచి పరుగున వచ్చి, తువ్వాలుతో ఖాలిద్ మోచేతి పైన బిగించి కట్టారు. వెనకాలే పాలేరు సీతయ్య దుడ్డుకర్రతో దిగాడు.

"యాడుంది? ఒక్క దెబ్బల సంపుత!"

"కొట్టకు సీతయ్యా, నీకు దండం పెడత!" అంటూ ఖాలిద్ తొట్టిని కావలించుకున్నాడు.

"విషం తలకెక్కింది పాపం" అన్నారు బసవపున్నయ్యగారు.

అడవి పక్క ఊళ్ళలో ఒక పద్ధతుంది. ఏది కరిచినా, దాన్ని వెంటబెట్టుకునే దవాఖానాకు పోవాలి. దాన్ని చూసే డాక్టర్ మందు చెబుతాడు. ఆ పద్ధతే పగడాన్ని కాపాడింది. బకెట్ నిండా తొట్టినీళ్ళు, నీళ్ళలో ఖాలిద్ చెయ్యి, చేతికి పగడం, అన్నీ కలిసి కారెక్కాయి. దారిలో ప్రమీలారాణి అతని భార్య షబ్రీన్‌కు ఫోన్ కూడా చేసేసింది. అవతల ఏడుపు విని ఖాలిద్‌కు నిజంగానే కళ్ళు తిరిగాయి.

దవాఖానాలో సిస్టర్ హేమ్లి నూనె రాసి, ఓపిగ్గా వేలిని పగడం నుంచి విడదీసింది. రెండు చోట్ల చర్మం లేచి, ఎర్రటి చుక్కలు రెండు మిగిలాయి. డాక్టర్ జయప్రకాశ్ వాటినే చూశాడు.

"రెండు గాట్లు. చెమటలు పడుతున్నయా?"

"భయానికి సార్."

"వణుకు?"

"అదీ భయమే సార్."

"నోరెండుతున్నదా?"

"సూది కనబడ్డకాడి నుంచి సార్."

డాక్టర్ మూడూ రాసుకున్నాడు. సూది పొడవు చూశాక ఖాలిద్‌కు పరువు మీద ఆశ చచ్చిపోయింది.

"సార్, అది కుట్టలే! గమ్ముతోని నేనే అంటించుకున్న. నాకు పని రాదు. హైదరాబాద్‌ల నేర్సుకోలే, ఫోన్ల జూసిన!"

 బసవపున్నయ్యగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"విన్నారా డాక్టరుగారూ? నా పగడం మీద నింద పడకుండా తప్పు నెత్తినేసుకుంటున్నాడు! ఇంత పనిమంతుడు వేలికి గమ్ము పూసుకుంటాడా? పోతే పోయిందిలే అబ్బాయ్ పగడం, నువ్వు బతికితే చాలు. మా బావమరిది ఇంట్లో తొట్టి పని కూడా నీదే."

"నిజంగ గమ్మే సార్!"

"గిట్ల ఒర్రుడు గూడ లక్షణమే" అని నాలుగోది రాసుకున్నాడు డాక్టర్. "రేపటిదాక ఈడనే ఉండాలె. సిస్టర్, సూది."

మంచం కింద బకెట్‌లో పగడం మెల్లగా రేకులు విప్పింది. ఖాలిద్ పేరు నిలబడింది, అతన్ని మాత్రం బోర్లా పడుకోబెట్టారు.