నమ్మకస్తులకు ప్రత్యేక ధర

ఇన్సూరెన్స్ కంపెనీలు ఏటేటా రెన్యువల్ ధర పెంచడం మానవజాతికి చేస్తున్న మహోపకారమని నేను నొక్కి చెబుతున్నాను. ముందు వినండి, తర్వాత తిడుదురుగాని.

వయసు మీదపడేకొద్దీ మనిషికి విలువ తగ్గిపోతోందని అందరి ఏడుపూ. ఆఫీసులో మన మాట చెల్లదు. ఇంట్లో టీవీ రిమోట్ చేతికి రాదు. అలాంటి లోకంలో "మీరు మాకు పాతవారు, కాబట్టి మీ ధర ఎక్కువ" అంటూ క్రమం తప్పకుండా మన ధర పెంచే సంస్థ ఒకటుంటే, దానికి దండం పెట్టాలా, దాని మీద దుమ్మెత్తిపోయాలా?

మా పిన్ని దుమ్మెత్తిపోసింది. అందుకే ఈ వ్యాసం.

మా పిన్ని డ్రైవింగ్ స్కూల్ నడుపుతుంది. స్కూల్ అంటే భవనం అనుకునేరు! ఒక కారు, ఒక పిన్ని, అంతే. నేర్చుకునేవాళ్ళు తొక్కాల్సినప్పుడు బ్రేకు తొక్కరు కాబట్టి పిన్ని కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. గేరు మార్చమంటే వైపర్లు వేసేవాళ్ళనూ, వెనక్కి రమ్మంటే కళ్ళు మూసుకునేవాళ్ళనూ డ్రైవర్లను చేసి రోడ్డు మీదికి పంపిన మనిషి ఆవిడ. అయినా ఆ కారు ఇంతవరకు ఎవరి గేటునూ గీరలేదు. కంపెనీని ఒక్క క్లెయిమైనా అడగలేదు.

ఈ ఏడు ఆవిడ ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. "ప్రియమైన కస్టమర్, ఇన్నేళ్ళ మీ విశ్వాసానికి మా కృతజ్ఞతలు" అని మొదలైంది. ఆ కృతజ్ఞత ఖరీదు కింద వేశారు. నిరుటి మీద మూడో వంతు ఎక్కువ! అదే కంపెనీ యాప్‌లో కొత్తగా చేరేవాళ్ళకు మాత్రం అందులో సగమే.

పిన్ని వెంటనే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసింది. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని ఒక రికార్డు గొంతు చెప్పి, సంగీతం పెట్టి వెళ్ళిపోయింది. పిన్ని ఫోన్‌ను స్పీకర్లో పెట్టి, ఆ సంగీతం నడుస్తుండగానే పక్కసీటులోని బ్యాంకు ఉద్యోగినికి రివర్స్ పార్కింగ్ మొత్తం నేర్పేసింది. ఇంత తీరిక, ఇంత సంగీతం ఉచితంగా ఇంకెవరిస్తారండీ?

చివరికి ఒకమ్మాయి లైన్లోకి వచ్చింది.

"కొత్తవాళ్ళకి సగం ధర అని మీ యాప్‌లోనే ఉంది కదమ్మా, నాకెందుకివ్వరు?" అంది పిన్ని.

"అది కొత్త కస్టమర్లకి మాత్రమే మేడమ్. మీరు మా విలువైన పాత కస్టమర్."

"విలువైనదాన్నయితే తగ్గించాలి గానీ, పెంచుతారా?"

"సిస్టమ్ అలా చూపిస్తోంది మేడమ్."

"ఆ సిస్టమ్‌ని ఓసారి లైన్లోకి పిలు. నేను మాట్లాడతాను."

సిస్టమ్ రాలేదు. సిస్టమ్ ఎప్పుడూ రాదు. దాని హుందాతనం దానిది.

ఇందులో తప్పేముంది? ఈ పద్ధతి మిగతా వ్యాపారాలకు ఎందుకు పాకలేదా అని నా విచారం. నా సెలూనతను "మీ తల నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, కాబట్టి రెట్టింపు ఇవ్వండి, ఈ గుమ్మంలో కొత్తగా అడుగుపెట్టిన తలకు సగమే" అంటే ఎంత గౌరవంగా ఉంటుంది! రోజూ వచ్చే బేరానికి ఎక్కువ, దారినపోయే బేరానికి తక్కువ అని కూరగాయలమ్మి బోర్డు పెడితే, మనం మాత్రం రోజుకో వీధి తిరిగి ఆరోగ్యం బాగుచేసుకోమా?

పిన్నికి ఈ వివేకం ఎక్కలేదు. కంపెనీ మార్చేస్తానని ఆదివారం మా ఇంటికి వచ్చి భోజనాల బల్లను ఆక్రమించింది. నా భార్య ఒక ఫోన్లో, మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో, నేను కళ్ళజోడుతో ధరలు వెతికాం. మా కుటుంబం ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఒకే శత్రువును తిట్టుకుంటూ ఒక పూట గడపడం ఎన్నాళ్ళకు! ఇది కంపెనీ పుణ్యం కాదా?

మా అమ్మాయి ప్రశ్నలు చదువుతోంది. "నానమ్మా, ఈ కారు మీరు కాకుండా వేరేవాళ్ళు నడుపుతారా?"

"నడపరనేగా నా బాధ!" అంది పిన్ని.

పాత కంపెనీ ధరలో సగం కన్నా తక్కువకే ఒక కొత్త కంపెనీ దొరికింది. పిన్ని పాతదానికి మళ్ళీ ఫోన్ చేసి సెలవు చెప్పింది. చెప్పీ చెప్పగానే వెన్నలాంటి గొంతు ఒకటి ఆవిడకు ఎదురు ఫోన్ చేసింది. వెళ్ళిపోయేవాళ్ళను బుజ్జగించడానికి కంపెనీలో ఒక విభాగమే ఉందట. ఉండిపోయేవాళ్ళకు అలాంటిదేమీ లేదు.

"అమ్మా, మీరు వెళ్ళిపోతున్నారని తెలిసి మాకు చాలా బాధేసింది. మీకోసం కొత్తవాళ్ళ కన్నా తక్కువ ధర చేయించానమ్మా."

"నిన్న లేని ధర ఇవాళ ఎక్కణ్ణించి పుట్టింది నాయనా?"

"స్పెషల్ అప్రూవల్ అమ్మా."

"అంటే నిన్న మీరు నా దగ్గర గుంజబోయింది ఎంతో ఇవాళ ఒప్పుకుంటున్నారన్నమాట!"

వెన్న గొంతు కరిగిపోయింది. పిన్ని గెలిచి కొత్త కంపెనీలో చేరిపోయింది. చీర కొంగు బిగించి, "ఇక ఏటా ఒక కంపెనీ మారుస్తా, చూసుకోండి!" అని ప్రకటించింది. ఆ వారమంతా పాఠానికి వచ్చినవాళ్ళందరికీ క్లచ్ కన్నా ముందు ఇన్సూరెన్స్ బోధించింది.

కథ ఇక్కడ ఆగితే నా వాదన నెగ్గినట్టే. కానీ పిన్ని ఎదురింట్లో ఒక రిటైర్డ్ లైబ్రేరియన్ ఉన్నారు.

పెద్దాయనకు వినికిడి దాదాపు పోయింది. ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. ఫోన్లో మాత్రం ఆయనకు ఒక హోరు తప్ప ఏమీ వినపడదు. ఫోన్ పనులన్నీ, ఏటా ఇన్సూరెన్స్ బేరంతో సహా, భార్యే చూసుకునేది. ఆవిడ పోయాక ఫోన్ మోగినా తియ్యడం మానేశారు. బుల్లి కారొకటి ఉంది. మందుల షాపు దాకా వెళ్ళి వస్తుంది. ఇన్సూరెన్స్ పిన్ని పాత కంపెనీదే. ఏటా బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే కట్ అయిపోతుంది.

తన విజయగాథ చెబుతూ చెబుతూ, "మీదెంత బాబాయిగారూ?" అని అడిగింది పిన్ని. ఆయన పాత రసీదులతో సహా ఈ ఏటి నోటీసు చూపించారు. పిన్ని కొత్తగా కడుతున్నదానికి మూడింతల పైనే ఉంది!

"రద్దు చేసేద్దాం పదండి. గడువుకి ఇంకా టైముంది" అని ఆయన్ను తన కారులోనే ఆ కంపెనీ బ్రాంచికి తీసుకెళ్ళింది. నన్నూ రమ్మంది, సాక్షిగా.

అద్దాల గది. మెత్తటి సోఫాలు. కౌంటర్లో టై కట్టుకున్న కుర్రాడు లేచి నిలబడ్డాడు. కొత్త పాలసీ అనుకున్నాడు పాపం. విషయం తెలిశాక కూర్చున్నాడు.

"ఇక్కడ కొత్త పాలసీలే చేస్తామండీ. రద్దు చెయ్యాలంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యాలి."

"ఆయనకి వినపడదు బాబూ. నువ్వే చేసిపెట్టు."

"మేము చెయ్యకూడదండీ. సార్ గొంతే ఉండాలి. రూల్."

సరే, అక్కడే సోఫాలో కూర్చుని పిన్ని ఫోన్ కలిపింది. ఆ కంపెనీ గదిలోంచి ఆ కంపెనీకే! సంగీతం పూర్తయ్యాక ఒకతను వచ్చి, "సార్, మీ పుట్టిన తేదీ చెప్పండి" అన్నాడు. ఫోన్ చెవికి ఆనించుకున్న పెద్దాయన చిరునవ్వుతో, "నేను బాగున్నానండీ, మీరెలా ఉన్నారు?" అన్నారు.

కౌంటర్ కుర్రాడు తల దించుకుని కంప్యూటర్లో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

పిన్ని ఫోన్ స్పీకర్లో పెట్టి, ఆయన ముందు వంగి, "పుట్టిన తేదీ బాబాయిగారూ!" అంది పెదవులు బాగా కదిలిస్తూ. ఆయన సరిగ్గానే చెప్పారు. వెంటనే ఫోన్లో గొంతు మారింది.

"సార్, మీ పక్కన ఎవరో చెబుతున్నారు. మీ భద్రత కోసం ఈ కాల్ ముగిస్తున్నాం. మీ సహకారానికి ధన్యవాదాలు."

పిన్ని మళ్ళీ చేసింది. మళ్ళీ సంగీతం, మళ్ళీ తేదీ, మళ్ళీ భద్రత. కుర్రాడు మా ముగ్గురికీ మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు. అంతకుమించి అతని చేతిలో ఏమీ లేదు.

ఒకరికి కష్టమొస్తే పదిమందీ పంచుకోవడమే ఇన్సూరెన్స్ అని మనం చదువుకున్నాం. ఆ సూత్రం ఇప్పుడు ఎంతో ఎదిగింది. ఫోన్లో పోట్లాడగలిగిన మా పిన్ని లాంటివాళ్ళ డిస్కౌంటును, ఫోన్లో మాట్లాడలేని పెద్దాయన మోస్తున్నారు. పిన్నికి ఈ సంగతి ఆ సోఫాలోనే అర్థమైనట్టుంది. మంచినీళ్ళు ముట్టకుండానే గ్లాసు పక్కన పెట్టేసి లేచింది.

బ్యాంకుకు వెళ్ళి ఆపించవచ్చని నేను గుర్తుచేశాను. వెళ్ళాం. ఆ ఉదయమే డబ్బు కట్ అయిపోయింది. గడువుకు చాలా ముందే రెన్యువల్ చేసేయడం కూడా కంపెనీ మనకోసం చేసే సేవేనట. కట్టాక రద్దు కావాలంటే? ఫోన్ చెయ్యాలి.

తిరిగి వచ్చేటప్పుడు పిన్ని దారంతా కంపెనీని తిడుతూనే ఉంది. వెనక సీటులోని పెద్దాయనకు మాటలు వినపడకపోయినా, అద్దంలో ఆవిడ మొహం చూసి విషయం గ్రహించారు. ముందుకు వంగి ఆవిడ భుజం తట్టారు.

"పోనీలేమ్మా. నాకోసం అంత బాధపడకు. కొత్తవాళ్ళ దగ్గరికి వెళ్తే వాళ్ళకి నేనెవరో ఏం తెలుసు? వీళ్ళయితే ఎన్నో ఏళ్ళబట్టి నన్ను ఎరిగినవాళ్ళు."

ఆ మాటను ఖండించడానికి నా దగ్గర ఒక్క ఆధారమూ లేదు. నిజమే, ఎరుగుదురు. ఆ ఇంట్లో ఫోన్ ఎత్తే మనిషి ఎప్పుడు పోయిందో కూడా ఎరుగుదురు. ఆయన రసీదుల్లో ధర ఎగబాకింది అప్పటినుంచే.