ప్రాణభయం కావలెను

అయినా, ఒక మనిషిని చంపాలని ఇంకో మనిషి అనుకోవాలంటే ముందు అతన్ని గుర్తుపట్టాలి కదా అని ఆలోచిస్తున్నారు వీరభద్రయ్య గారు. బస్సు ఎర్రగుంట్ల దాటింది. కిటికీలోంచి వచ్చే సిమెంటు దుమ్ము ఆయన తెల్ల చొక్కా మీదా, పక్కసీటాయన గళ్ళ చొక్కా మీదా ఒకే మర్యాదతో పడుతోంది. కడపలో ఎక్కింది మొదలు ఇంతవరకూ ఒక్కరూ ఆయన వైపు రెండోసారి చూడలేదు. పక్కసీటాయన అయితే నిద్రపోయి, తల తెచ్చి ఆయన భుజం మీద పెట్టాడు. అది రాష్ట్రస్థాయి పదవిలో ఉన్న భుజమని ఆ తలకు తెలియదు.

వీరభద్రయ్య గారు సీమ పర్యాటక ప్రోత్సాహక మండలికి అధ్యక్షులు. పత్తికొండలో టమోటా మండీ నడుపుకునే ఇంట్లో పుట్టి, ప్రతి ఎన్నికలోనూ పార్టీ సభలకు పందిళ్ళు వేయించి, చివరికి ఈ పదవికి నోచుకున్న నిరాడంబరుడు. పదవితో పాటు కడపలో ఆఫీసు వచ్చింది, కారు వచ్చింది, ఇద్దరు గన్‌మెన్ వచ్చారు. ఆఫీసూ కారూ ఎవరికైనా వస్తాయి. గన్‌మెన్ సంగతి వేరు. ఈ మనిషి ప్రాణం పోతే తనకు నష్టమని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. టమోటాలు అమ్మే రోజుల్లో ఆయన ప్రాణం గురించి ఎవరూ అంత శ్రద్ధగా ఆలోచించలేదు. భార్య కన్యకమ్మ కూడా బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగేదే తప్ప అంతకు మించి పోయేది కాదు.

అలాంటి మనిషి పోయిన నెల కడపలో ఒక కల్యాణమండపంలో మైకు ముందు నిలబడి "తోడక్కర్లేని సీమ" అనే పథకాన్ని జాతికి అంకితం చేశారు. దేశంలో ఎక్కడి నుంచైనా రండి, ఆడవాళ్ళు రండి, ముసలివాళ్ళు రండి, సంచి భుజాన వేసుకుని ఒంటరిగా రండి, మారుమూల ఏ పల్లెకైనా పొండి అని పిలుపునిచ్చారు. బాంబులూ కత్తులూ పాత మాట అన్నారు. ఈ నేల మీద ఇప్పుడు మనిషికి మనిషి వల్ల భయం లేదని ప్రకటించారు. ఆ మాట అంటున్నప్పుడు ఎడమపక్క కేశవ, కుడిపక్క కంబన్న తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. చప్పట్లు బాగానే పడ్డాయి. మర్నాడు పేపర్లో ఫోటో కూడా బాగా వచ్చింది. వెనక బ్యానరు మీద పథకం పేరుకు కంబన్న తుపాకి కొంచెం అడ్డం వచ్చింది, అంతే.

ఆ పేపరు చదివినవాళ్ళలో భద్రతా సమీక్ష కమిటీ కూడా ఉంది. కమిటీ తరఫున డీఎస్పీ అరుణజ్యోతి ఆఫీసుకు వచ్చి, ఆయన ప్రసంగం తమకందరికీ ఎంతో నచ్చిందని, అందుచేత సోమవారం నుంచి గన్‌మెన్‌ను వెనక్కి తీసుకుంటున్నామని సంతోషంగా చెప్పింది.

"భయం లేదన్నది యాత్రికులకమ్మా, నాకు కాదు," అన్నారు వీరభద్రయ్య గారు.

"రోడ్డు ఒకటే గదా సార్."

ఆమె పెన్ను తీసి, తమరికి ఎవరి వల్ల ప్రాణభయమో పేర్లు చెప్పమంది, రాసుకుంటానంది. వీరభద్రయ్య గారు కళ్ళు మూసుకున్నారు. తన బతుకంతా ఒక పొడుగాటి ఇల్లులాగా కనపడింది. ఒక్కో గది తలుపే తోసుకుంటూ పోయారు. ఏదో ఒక గదిలో ఎవరో ఒకరు కత్తి నూరుతూ కూర్చుని ఉండకపోరని ఆశ. అన్ని గదులూ శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి. యాభై ఎనిమిదేళ్ళు బతికి ఒక్క మనిషిని కూడా అంతగా కదిలించలేకపోయానా అనిపించింది. చివరికి, ఎదురు మండీ జ్ఞానేశ్వర్ పేరు చెప్పారు. ఎప్పుడో కాటా దగ్గర మాటామాటా అనుకున్నారు.

పోలీసులు పత్తికొండ పోయి జ్ఞానేశ్వర్‌ను అడిగారు. అంత మంచి మనిషి ఆ బజారులోనే లేడని, కావాలంటే పూచీ రాసిస్తానని అతను చెప్పాడు. వీరభద్రయ్య గారికి రెండు పూటలు అన్నం దిగలేదు. కన్యకమ్మ తన వంతు సాయంగా బాగా ఆలోచించి, "మా తమ్మునికి మీరంటే సరిపడదు గానీ, వానికంత ఓపిక యాడుండాది," అంది.

కేశవా కంబన్నా వెళ్ళిపోయారు. ఆ సోమవారం ఆఫీసు మెట్లు దిగుతూ వీరభద్రయ్య గారు వెనక్కి పడబోయారు. వీపు వెనక అన్నాళ్ళూ ఒక గోడ ఉండేది. ఇప్పుడు ఉత్త గాలి. జాలిపడిన డీఎస్పీ ఫోనులో ఒక దారి చెప్పింది. ఏదన్నా ఒక సంఘటన జరగాలట. చిన్నదైనా చాలు. జరిగిన వెంటనే ఒక్క ఫోను చేస్తే ఫైలు కదులుతుందట.

వీరభద్రయ్య గారు విలేకరులను పిలిచారు. తన పథకంలో మొదటి ఒంటరి యాత్రికుణ్ణి తానేనని, కారు లేకుండా, అనుచరులు లేకుండా నక్కలచెలిమకు పోతున్నానని ప్రకటించారు. నక్కలచెలిమ అంటే, ఒకప్పుడు ఆ ఊరి దారిలో లారీ డ్రైవర్లు హారన్ కొట్టడానికి కూడా వెనకాడేవాళ్ళు. రెండు వర్గాలు, పగలు, కేసులు. అక్కడ కూడా భయం లేదని లోకానికి చూపిస్తానన్నారు. ఒకవేళ ఏమన్నా జరిగితే, అని ఒక విలేకరి అడిగాడు. వీరభద్రయ్య గారు చిరునవ్వు నవ్వారు. ఆ మాట అప్పట్నుంచీ ఆయన నోట్లో వక్కపలుకులాగా నానుతోంది. ఏమన్నా జరిగితే.

"నక్కలచెలిమకు బస్సు పోదప్పా. క్రాసులో దిగి నడ్చాల," అన్నాడు కండక్టర్, టికెట్ చించుతూ. ముందు పోయేది కదా అని అడిగితే, "గొడవలుండే కాలంలో పోతాండె. ఇప్పుడు యాముండాది ఆడ?" అన్నాడు, బాగా బతికి చెడ్డ కుటుంబం గురించి చెప్పినట్టు.

క్రాసులో ఆయన ఒక్కరే దిగారు. బస్సు పోయాక చప్పుడు పోయింది. కంకర తేలిన రోడ్డు, అటూ ఇటూ శెనక్కాయ చేన్లు, దూరంగా ఎర్రటి గుట్టలు. నడవడం మొదలుపెట్టి కొంతదూరం పోయాక, తాను రోడ్డుకు నడిమధ్యలో, రెండు పక్కలా మనిషి పట్టేంత చోటు వదిలి నడుస్తున్నట్టు గమనించుకున్నారు. పక్కకు జరిగి నడిచి చూశారు. కాళ్ళు మళ్ళీ మధ్యకే వచ్చాయి. వెనక అడుగుల చప్పుడు వినబడినట్టయి ఒకసారి ఆగారు. భయపడవలసిన చోట ఆయన గుండె పెళ్ళివారి మేళం విన్నట్టు లేచింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. చెప్పులో దూరిన గులకరాయి.

ఇంతలో నిజంగానే వెనక నుంచి మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. వీరభద్రయ్య గారు ముందుగా ఆ మనిషి చేతులు చూశారు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద ఉంది. రెండోదీ హ్యాండిల్ మీదే ఉంది.

"యాడికప్పా ఈ ఎండలో? ఎక్కు."

"నేనెవరో తెలుసా?"

"తెలీదు. తెలిస్తేనే ఎక్కుతావా?"

అతని పేరు ఉరుకుందప్ప. పథకం నియమాల్లో మోటార్‌సైకిల్ ప్రస్తావన లేదని గుర్తు తెచ్చుకుని వీరభద్రయ్య గారు ఎక్కారు.

ఉరుకుందప్ప ఆయన్ను తీసుకుపోయి ప్రేమయ్య ఇంటి ముందు దించాడు. ఒక వర్గానికి పాతికేళ్ళు నాయకుడు ప్రేమయ్య. అప్పట్లో ఆ వాకిట్లో నిలబడాలంటే మనిషికి గుండె చాలేది కాదు. ఇప్పుడు ఒక మేక తన తలగుడ్డ అంచు నములుతుంటే పట్టించుకోకుండా, విత్తనానికి శెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. వచ్చింది పదవిలో ఉన్న మనిషని తెలిసి మంచం వాల్పించాడు. ఊళ్ళో భయం ఏమైనా ఉందా అని వీరభద్రయ్య గారు అడిగారు. గొంతులో ఆశ దాచుకోవడం కష్టమైంది.

"యాడిదప్పా," అన్నాడు ప్రేమయ్య నిట్టూర్చి. "రాజీ అయిన దినం పెద్ద సార్లొచ్చి దండలేసి పోయినారు. నెల తిరక్కముందే పోలీసు పికెట్ ఎత్తేసినారు. పోలీసోళ్ళే లేరు, బస్సెందుకని బస్సు నిలబెట్టినారు. బస్సు లేదని నర్సమ్మ రాకపాయె. రోడ్డు నువ్వే చూస్తివి. మేం కొట్టుకుంటాన్నెప్పుడు శానా బాగుండె ఊరు."

పికెట్ ఉన్న గదిలో ఇప్పుడు మేకలను కట్టేస్తున్నారు. పోయిన వారం ఉరుకుందప్ప పెండ్లాన్ని కాన్పుకు ట్రాక్టర్ మీద తీసుకుపోయారట. బిడ్డ దారిలోనే పుట్టింది. తల్లీ బిడ్డా బతికారు కాబట్టి దాని గురించి ఎవరూ రాయలేదు. పదవిలో ఉన్న పెద్దలు గనక, ఈ ఊరింకా శానా భయంకరమైనదని పైన ఒక్క మాట చెప్పమని, బస్సన్నా వస్తుందని ప్రేమయ్య చేతులు జోడించాడు.

ఈయనకూ రక్షణ తీసేశారు, అనుకున్నారు వీరభద్రయ్య గారు. జీవితంలో మొదటిసారి ఒక మనిషి మీద ఆయనకు తోడబుట్టినవాడి మీద పుట్టేంత ప్రేమ పుట్టింది. మంచం ముందుకు జరుపుకుని గొంతు తగ్గించారు.

"ఇక్కడొక చిన్న దాడి జరిగితే ఇద్దరికీ మేలు."

"ఎవురి మీద?"

"నా మీద."

ప్రేమయ్య ఒలవడం ఆపాడు. తర్వాత, చాన్నాళ్ళకు పని దొరికిన మేస్త్రీ గోడను చూసినట్టు, ఆయన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

బాంబు కుదరదని మొదటే తేలిపోయింది. చుట్టడం తెలిసిన మనిషి ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుకుంటున్నాడు, ఇప్పుడు దీపావళికి టపాకాయలు కూడా కాల్చడు. కుర్రవాళ్ళంతా కానిస్టేబుల్ పరీక్ష రాసి ఉన్నారు, కేసు పడితే పోతుంది. ప్రేమయ్య చెయ్యి భుజం పైకి లేవదు. అయినా, కింది నుంచి ఒక రాయి విసరగలనన్నాడు, మోకాలి కింద తగిలేటట్టు. వీరభద్రయ్య గారు నుదురు అడిగారు. మోకాలు ఫోటోలో పడదు. ప్రేమయ్య తొడ దాకా వచ్చాడు. మండీలో పుట్టిన మనిషి కాబట్టి బేరం ఎక్కడ ఆపాలో వీరభద్రయ్య గారికి తెలుసు. భుజం దగ్గర ఇద్దరూ సరే అనుకున్నారు.

ఇక మిగిలింది ఒక్కటే. రాజీ షరతుల ప్రకారం, ఒక వర్గం రాయి ఎత్తాలంటే రెండో వర్గం ఒప్పుకోవాలి. ఆ వర్గానికి ఇప్పుడు పెద్ద హనుమమ్మ. ఆమె భర్తను చంపిన కేసులో ప్రేమయ్య ముద్దాయి. కోర్టు నమ్మలేదు, హనుమమ్మ నమ్మింది. ఇప్పుడు ఇద్దరూ రేషన్ బండి కోసం ఒకే అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తుంటారు. ఆమె వచ్చి, కొంగు చుట్టుకుని, ప్రేమయ్య చెప్పిందంతా విన్నది. తర్వాత వీరభద్రయ్య గారిని చాలాసేపు చూసింది. ఆ చూపు కింద ఆయన తనకు తెలియకుండానే పొట్ట లోపలికి పీల్చుకున్నారు.

"ఎవురీయప్ప?"

"చెప్తి గదమ్మా, చైర్మను."

"మా ఇంటాయన పోయినప్పుడు, అంత మనిషిని కొట్టినారే అని మూడు మండలాలోళ్ళు అనుకున్న్యారు. ఈయప్పను కొడితే మన ఊర్ని చూసి నగుతారు ప్రేమన్నా." ఆమె గొంతు పెంచలేదు. "మనది రాయితోనే గదా మొదలయింది. అది యాడ నిలబడిందో నీకు తెలుసు, నాకు తెలుసు. బస్సు రాకుంటే నడుస్తాం. అన్నం తిన్న్యాడా ఈయప్ప?"

వీరభద్రయ్య గారికి సంగటి, శెనక్కాయలు నూరిన ఊరిమిండి పెట్టారు. ఆయన తల వంచుకుని తిన్నారు. ఇంతకాలం ఆయన్ను చంపాలని ఎవరూ అనుకోలేదు, అంతే. ఇప్పుడు చంపకూడదని రెండు వర్గాలూ కలిసి తీర్మానం చేశాయి.

సాయంత్రం బస్సుకు బయలుదేరుతుంటే, చేన్లలో అడవిపందులు తిరుగుతున్నాయని, వచ్చిన మనిషిని ఒంటిగా పంపడం ఊరికి మర్యాద కాదని హనుమమ్మ అంది. ఉరుకుందప్ప బండిలో పెట్రోలు లేదు. అతను ఒక కర్ర తీసుకున్నాడు. రెండో వర్గం తరఫున ఆమె కొడుకు ఉమామహేశ్వర ఇంకో కర్ర తీసుకున్నాడు. ఇంటికి తీసుకుపొమ్మని ఆమె ఒక సంచి నిండా శెనక్కాయలు పోసి ఆయన చేతికిచ్చింది.

పెద్దమనిషి కదా అని ఇద్దరూ రెండడుగులు వెనక నడిచారు. ఒకరు ఎడమ, ఒకరు కుడి. ఊరు దాటాక వీరభద్రయ్య గారి వీపు నిలబడింది. కాళ్ళు ఒక పద్ధతిలో పడ్డాయి. ఎదురుగా వచ్చే గొర్రెలకాపరికి ఆయన కుడిచెయ్యి దానంతటదే లేచి నమస్కారం పెట్టింది. కాపరి ముందు ఆయన్ను, తర్వాత వెనకవాళ్ళను చూసి, గొర్రెలను గబగబా పక్కకు తోలి దారిచ్చాడు. ఆ చూపు! పొద్దుటి నుంచి ఒక్క మనిషి కూడా అలా చూడలేదు. ఈ రోడ్డు ఇలాగే ఎంతదూరమైనా సాగితే బాగుండుననిపించింది. కానీ క్రాసు వచ్చింది, ఫోనుకు సిగ్నలూ వచ్చింది. పికెట్ వస్తే వీళ్ళకు బస్సు కూడా వస్తుంది కదా, అనుకున్నారు. అలా అనుకున్నాక మనసు చాలా తేలికయింది.

ఆయన ఫోను తీయడం చూసి, పెద్దవాళ్ళ మాటలు వినకూడదని వెనక ఇద్దరూ ఇంకాస్త దూరం జరిగి నిలబడ్డారు.

"అరుణజ్యోతి గారూ, నక్కలచెలిమ క్రాసు దగ్గరున్నానమ్మా," అన్నారు వీరభద్రయ్య గారు మెల్లగా. "ఊరు వదిలినప్పటి నుంచి ఇద్దరు మనుషులు కర్రలు పట్టుకుని నా వెనకే వస్తున్నారు. నేను నడిస్తే నడుస్తున్నారు, ఆగితే ఆగుతున్నారు. ఒకడి పేరు ఉరుకుందప్ప. రాసుకోండి."

ఫోను జేబులో వేసుకున్నారు. చేతిలోని శెనక్కాయల సంచి బరువనిపించింది. వెనక్కి తిరిగి చూడకుండానే ఆ చెయ్యి వెనక్కి చాపారు. ఎవరో పరుగున వచ్చి అందుకున్నారు.